గోడ అవతలి చప్పుడు

"నీళ్ళు పూర్తిగా ఆపావా?"

"చుక్క రావడం లేదు సార్. మెయిన్ వాల్వు నేనే కట్టేశాను."

"మరి ఆ కొట్టుకునేదేమిటి, దేవస్సీ?"

గత ఆగస్టులో ఒక మధ్యాహ్నం మన ఇంజనీరు సారు వేసిన ఆ ప్రశ్నకు, భారతపుళ నది ఒడ్డున ఉన్న ఈ నీటి సరఫరా కార్యాలయంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. కొన్ని వారాలుగా ఓవర్‌సీర్ దేవస్సీ గది గోడలోంచి, సరిగ్గా మేము అన్నం డబ్బాలు తెరిచే వేళకు, టక్కు టక్కుమని చప్పుడు వస్తోంది. గొట్టంలో గాలి చిక్కుకుని నీళ్ళు గోడను తంతున్నాయని దేవస్సీ తీర్పు. మనం నీళ్ళవాళ్ళం కదా, గోడలో ఏం మోగినా మనకు గొట్టమే తోస్తుంది. ఇప్పుడు నీళ్ళు ఆగాయి, చప్పుడు మాత్రం ఆగలేదు. పైగా జోరందుకుంది.

దేవస్సీ సుత్తి ఎత్తాడు. మూడో దెబ్బకు ఇటుక అవతలికి పడింది. అందరం ఆ కంతలోకి వంగాం.

అవతల పంపు గదిలో, బోర్లించిన బకెట్ మీద, కొంగు నడుముకు దోపుకుని, ముందొక నల్లరాయి పెట్టుకుని, రెండు చేతుల్లో చింతకర్రలు గాలిలోకి ఎత్తి, మన సీనియర్ సూపరింటెండెంట్ శ్రీమతి పి. తంకమణి గారు మావైపే చూస్తున్నారు.

ఆవిడను కాసేపు అలాగే ఉండనిచ్చి, ఇటువంటి వీడ్కోలు సంచికల మర్యాద ప్రకారం మొదటి నుంచి వస్తాను.

తంకమణి గారు 1996 జూలై 8న దిగువ శ్రేణి గుమస్తాగా మన శాఖలో ప్రవేశించి, ఫిర్యాదుల కిటికీ దగ్గర తమ ఉద్యోగ జీవితాన్ని ఆరంభించారు. ఖాళీ బిందెతో, నిండుగా కోపంతో వచ్చేవారిని కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తరువాతే ఫిర్యాదు వినడం వారి పద్ధతి. ఎగువ శ్రేణికి, ప్రధాన గుమస్తా పదవికి, చివరకు సూపరింటెండెంట్ పదవికి క్రమంగా ఎదిగినప్పటికీ, ఆ కిటికీ దగ్గర ఎవరైనా గొంతు పెంచితే తమ కుర్చీ వదిలి తామే వెళ్ళేవారు. వరదల ఏడాది, చుట్టూ నీళ్ళుండి తాగడానికి చుక్క లేని ఆ రోజుల్లో, ఏ వీధికి ఏ ట్యాంకరు వెళ్ళాలో నిర్ణయించే బాధ్యతను తడిసిన చీరతోనే స్వీకరించి, ఒక్క వీధినీ మరువకుండా నిర్వహించిన ధీరురాలు వారు.

ఇంతటి కర్తవ్యనిష్ఠ గలవారు పంపు గదిలో రాయి కొట్టడమేమిటి?

ఏభై అయిదో ఏట, ఎవరితోనూ చెప్పకుండా, తంకమణి గారు గ్రంథాలయం వెనకాల శేఖరన్ ఆశాన్ అనే గురువు నడిపే చెండ డోలు తరగతిలో చేరారు. ఆ విద్యలో తొలి నెలలు చెండను తాకనివ్వరు. చింతకర్రలతో రాతి మీద 'తక్కిట, తక్కిట' సాధన చేయాలి. మణికట్టు లొంగాకే తోలు మీద దెబ్బ. ఇంట్లో కొడితే కింది వాటాలోని వృద్ధురాలి నిద్ర చెడుతుందని, భోజన విరామంలో పంపు గదికి వచ్చేవారు.

కంతలోంచి అదంతా ఆవిడ చెప్పగా విన్న దేవస్సీ అందరికంటే పెద్దగా నవ్వాడు. "ఏం చేచ్చీ, రాబోయే పింఛను చాలదని రాళ్ళు కొట్టే పనికి కుదిరావా? చెప్తే నేనే కంట్రాక్టరుతో మాట్లాడేవాణ్ణి కదా!"

అందరం నవ్వాం. తంకమణి గారూ నవ్వారు. మర్నాటి నుంచి పంపు గదిలో చప్పుడు లేదు. రాయి మూలకు చేరింది.

ఏమైందని నేనడిగితే ఫైలులోంచి తలెత్తలేదు. "చాల్లే షీజా. నవ్వుల పాలవడానికి నాకిప్పుడు తీరిక లేదు."

"అరంగేట్రం మాటేమిటి?"

"సాధన మానినవాళ్ళను ఆశాన్ మేళంలో నిలబెట్టడు. నిలబెట్టకపోతే పోయె." కాసేపటికి కలం కింద పెట్టారు. "ఇన్నేళ్ళూ ఇక్కడ నేను పొరపాటు చేస్తే ఏదో ఒక వీధిలో కొళాయి ఎండిపోయేది. ఆ రాయి మీద తప్పు కొడితే ఎవరికీ నీళ్ళు ఆగవు షీజా. ఆ మధ్యాహ్నాలు ఎంత హాయిగా ఉండేవో తెలుసా?"



ఓణం సెలవులయ్యాక ఒక సోమవారం, మోటారు చూడటానికి వెళ్ళిన తంకమణి గారు పంపు గది గుమ్మంలోనే ఆగిపోయారు. రాయి మళ్ళీ గది మధ్యలో ఉంది. ఎవరో కడిగారు. చప్పుడు పాకకుండా దాని కింద గొట్టాల బిగింపుకు వాడే నల్ల రబ్బరు పలక పరిచారు. రాతి మీద కొత్త చింతకర్రల జత. చేతికి బొబ్బలెక్కకుండా, పట్టుకునే చోట గొట్టం మరలకు చుట్టే తెల్ల టేపు నున్నగా చుట్టి ఉంది.

రబ్బరూ, టేపూ చూసి దొంగను పట్టలేం. మన ఆఫీసులో అవి అందరి చేతుల్లోనూ ఉండేవే.

"షీజా, నువ్వేనా?"

"చింతకాయ పచ్చడి తప్ప ఆ చెట్టుతో నాకు సంబంధం లేదు చేచ్చీ."

దేవస్సీని అడిగితే రెండు చేతులూ జోడించాడు. "నన్ను వదిలెయ్యి తల్లీ. పగలగొట్టిన గోడకే సంజాయిషీ ఇచ్చుకోలేక చస్తున్నాను."

"ఆ గోడ ఎప్పుడు పూడుస్తావు?"

"సిమెంటు రాలేదు."

అతని గదిలోకి సిమెంటు నెలల తరబడి రాలేదు. ఆ సంగతి అప్పుడే ఆలోచించవలసింది. ఎవరమూ ఆలోచించలేదు. తంకమణి గారు మాత్రం ఆ మధ్యాహ్నమే కొంగు దోపుకున్నారు.

ఏప్రిల్‌లో విషు పండుగకు ముందు ఆదివారం, గ్రంథాలయం మైదానంలో అరంగేట్రం జరిగింది. స్కూలు టీచర్లు, ఆటో నడిపేవాళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, వాళ్ళలో అందరికంటే పెద్ద తంకమణి గారు. తమలపాకులో నాణెం పెట్టి గురుదక్షిణ ఇచ్చేటప్పుడు ఆశాన్ వారి చేతిలో రెండో ఆకు చూశారు.

"అదెవరికి తంకమణీ?"

"నా చింతకర్రలు చెక్కినవాళ్ళకి, ఆశాన్. దొరికితే ఇస్తాను."

పంచారి మేళం మొదలైంది. నింపాదిగా నడిచి, అయిదు అంచెల్లో ఒక్కో కాలం దాటేకొద్దీ పరుగందుకునే మేళం అది. నాలుగో కాలంలో తంకమణి గారి కర్ర తాళం తప్పింది. ఒక దెబ్బ ముందు, ఒక దెబ్బ వెనక. ముఖం తెల్లబోయింది. చేతులు గాలిలో ఆగాయి. పక్కనున్న టీచరు కళ్ళతోనే ఏదో చెప్పింది, అందలేదు. మొదటి వరుసలో ఆవిడ భర్త శివశంకరన్ గారు కళ్ళు మూసుకున్నారు.

అప్పుడు తంకమణి గారి చూపు ఆ వరుస చివరికి వెళ్ళి నిలిచింది. అక్కడ ఎవరివో రెండు చేతులు ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద వాయిస్తున్నాయి. ఒక్క దెబ్బా తప్పడం లేదు. రోజూ ఆ పాఠాన్ని దగ్గరుండి విన్న చేతులవి. ఆ వేళ్ళనే చూస్తూ తంకమణి గారు లోలోపల లెక్క అందుకుని, చెండ మీద కర్ర వేశారు. తాళం దొరికింది. అయిదో కాలం ముగిసేసరికి నేను ఏడుస్తున్నానన్న సంగతి పక్కవాళ్ళు చెబితే తెలిసింది.

2025 మే 31న పదవీ విరమణ చేస్తున్న తంకమణి గారికి, ఇకపై పొద్దున్నే ఏ వీధి కొళాయీ గుర్తుకు రాని నిద్రలు, చెండ బరువు మోయగల భుజం, చిరకాలం సడలని మణికట్లు, తప్పు కొట్టినప్పుడల్లా నవ్వుకోగల మనసు, శివశంకరన్ గారి తోడులో నిండు నూరేళ్ళ ఆయుష్షు కలగాలని మా అందరి ప్రార్థన. పంపు గదిలో రాయిని ఎవరూ కదపరని కార్యాలయం తరఫున హామీ ఇస్తున్నాను.

ఇక ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. చప్పట్లు ఆగకముందే తంకమణి గారు, చెండ ఇంకా భుజాన ఉండగానే, రెండో తమలపాకు పట్టుకుని మైకు దగ్గరకు నడిచారు. వరుస చివర కుర్చీలోంచి ఒక ఆకారం మెల్లగా లేచి సైకిళ్ళ వైపు జారుకోబోయింది.

"ఆపండతన్ని!" అని మైకులో తంకమణి గారి గొంతు మైదానమంతా మోగింది. "గోడ పగలగొట్టి నన్ను పట్టించినవాడూ, ఆ కంత పూడ్చకుండా రోజూ విన్నవాడూ, నా చింతకర్రలు చెక్కినవాడూ ఒక్కడే. ఇటు రా, దేవస్సీ!"