ఆరుగురు రాజేశాలు

వేములవాడ గుడి దగ్గర ఒక చవక లాడ్జి. ధర్మగుండంలో స్నానం చేసి వచ్చిన ఆమె, తడి చీరతో కౌంటరు ముందు నిలబడింది.

“తమ్మీ, మా రూం తాళంచెవి ఇయ్యి. చీర మార్చుకోవాలె.”

“నంబరు చెప్పక్కా.”

“యాదికి లేదు. మా ఆయనకెరుక. ఆయన కోడె మొక్కు లైన్ల ఉన్నడు.”

“ఆయన పేరన్న చెప్పు, రిజిస్టర్ల చూస్త.”

“పెనిమిటి పేరు నోటితోని ఎట్ల చెప్తరు? గీ గుళ్లె దేవుని పేరే.”

“రాజేశమా?”

“ఆఁ, గదే.”

“ఇంటిపేర్లు రాసుకోలేదక్కా. ఇయ్యాల ఆరుగురు రాజేశాలు దిగిండ్రు.”

“అండ్ల పొద్దుగాల్నుంచి నిన్ను ఎక్కువ సతాయించిందెవరు?”

“రెండు వందల నాలుగు. వేడినీళ్లు వస్తలేవని నాలుగుసార్లు, ఫ్యాను మొత్తుకుంటుందని మూడుసార్లు కిందికొచ్చిండు.”

“గా తాళంచెవే ఇయ్యి.”