కనుమెక్కిన ముసుగు బండి

గంగులప్పని వొగాయన వుండె, గుర్రాలకనుమ కింద బండ్లపల్లెలో. పికప్పు బండి ఆయప్పది. టమోటా వేసుకోని కనుమెక్కి మండీకి తోలేది, ఆడ దించేసి కాళీ బండితో కనుమ దిగి ఇంటికొచ్చేది, అదే ఆయప్ప పని. ఆయప్ప పెండ్లాం సాలమ్మ. ఆ యమ్మకి ఆ బండంటే ప్రాణమనుకో. మండీకి టమోటా అదే తోలింది, జాతరకి జనాన్ని అదే తోలింది, సాలమ్మకి కాన్పు కష్టమైతే అర్ధగంటలో ఆసుపత్రి కాడ దించింది కూడా అదే. అందుకని ప్రతి శుక్రారం పొద్దున్నే బండి మొహం కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే తను బొట్టు పెట్టుకునేదంట. ఒలవండమ్మా, ఒలస్తానే వినండి. ఒలిచిన చెనిక్కాయలు చేటలో వెయ్యమన్నా, నోట్లో కాదు.

ఏమైందంటే, వొగ దినం మండీ గేటు కాడికి వొగ వింత బండి వచ్చింది. పికప్పే. కానీ మొహం కనపడదు, వొళ్లు కనపడదు. తెల్లవి నల్లవి మెలికలు మెలికలు గీసిన కాగితం దాని వొళ్లంతా అంటించినారు. పేరు లేదు, కంపెనీ గుర్తు లేదు. లోపల టోపీలు పెట్టుకున్నోళ్లు ఇద్దరు. డ్రైవర్లంతా చేస్తావుండే పని ఇడిసిపెట్టి దాని సుట్టూ మూగినారు. ఏందబ్బా ఇది అని గేటాయన్ని అడిగితే, కొత్తగా రాబోయే పికప్పంట, ఇంకా అమ్మకానికి రాలేదంట, మన కనుమ ఎక్కుతాదా లేదా అని చూసుకోను తెచ్చినారంట. ఇంజిన్ ఏందన్నా అని అడిగితే ఆ టోపీలోళ్లు నవ్వినారే గానీ నోరు తెరవలా. అద్దాలు ఎత్తుకోని తుర్రుమన్నారు. చెప్పేసింటే ఆడికి అయిపోవును కదా. చెప్పలేదే, అందుకని పట్టుకున్నాది మనోళ్లకి రోగం.

ఇంక టీ అంగడి కాడ అదే మాట. మస్తాన్ అని వొగాయన వుండె, మన గంగులప్ప జతగాడే, ఇద్దరూ వొగే దినం బండ్లు కొన్నోళ్లు. ఆయప్ప అంటాడూ, అది కరెంటు బండే, రాసిపెట్టుకోండి, నా పక్కనుంచే పోయింది, రవ్వంత శబ్దం లేదు, పిల్లి మాదిరి పోయింది అని. మండీలో మైకు పెట్టి వేలం పాడతావుంటే నీకు పిడుగు పడినా వినపడదు కదరా అని ఎవురో అన్నారు. అది కాదు గ్యాసు బండి అని కొందురు. కనుమలో గ్యాసు యాడ నింపుకుంటావు, అన్నం వండే సిలిండరు ఎత్తుకపోతావా అని ఇంకొందురు. గంగులప్ప మాత్రం, డీజిలే, కానీ ఇప్పుడుండే డీజిలు కాదు, ఏనుగంత ఇంజిన్ పెట్టినారు, నిండా టమోటా వేసుకోని మూడో గేర్లో కనుమెక్కేస్తాది, మధ్యలో నీళ్లు పోసే పని కూడా వుండదు అంటాడు. చూసినావా అంటే చూళ్లేదు. ఎవురన్నా చెప్పినారా అంటే లేదు. అయినా దాన్ని తనే బిగించి వచ్చినట్టు చెప్తాడనుకో! చెప్పీ చెప్పీ, ఆఖరికి తన మాట తనే నమ్మేసినాడు.

అప్పుట్నించి గంగులప్పకి ఇంట్లో బండి కంటికి ఆనడం మానేసింది. కనుమెక్కతా అది రవ్వంత మూలిగితే చాలు, థూ నీ యవ్వ, ఆ కొత్తదయితే ఈ పాటికి మండీలో వుండును అంటాడు. ఆయిలు మార్చడు. తుడవడు. బెల్టు పాతబడిందయ్యా, కీచుకీచుమంటా వుండాది మార్చు అని సాలమ్మ మొత్తుకోని మొత్తుకోని, తనే అంగడికి పోయి కొత్త బెల్టు కొనకొచ్చి ఇచ్చింది. అమ్మేసే బండికి కొత్త బెల్టు ఏంటికే అని దాన్ని కాగితం కూడా ఇప్పకుండా సీటు కింద తోసేసినాడు. అమ్మేసేదా అని ఆ యమ్మ నిలబడిపోయింది. అవును మే, ఇటికల బట్టీ చెంగల్రాయుడికి మాటిచ్చినా, ఆదివారం పొద్దున్నే వస్తాడు, తాంబూలం మార్చుకుంటాము అన్నాడు.  సాలమ్మ ఏడ్చే రకం కాదులే. ఏమయ్యా, మొహం కూడా చూపించకుండా ముసుగేసుకోని పోయిన దాన్ని చూసి, ఇన్నాళ్లు కాపరం చేసిన దాన్ని ఇటికల బట్టీకి తోలేస్తావా, రేపు నన్ను యాడికి తోలేస్తావు అనింది. గంగులప్ప, నీకు ఇంజిన్ల సంగతి తెలీదు లే మే అని చెంబు ఎత్తుకోని బయటికి పోయినాడంట. మాటకి మాట దొరకనప్పుడు మొగోళ్లకి చెంబొకటి దొరుకుతాది.

మన పక్క బండి అమ్మే పద్ధతి ఎరికే కదా. ఆకు వక్క పళ్లెంలో పెట్టి, దాని మీద బండి తాళం పెట్టి ఇయ్యాల. తాళం పళ్లెంలో పడిందా, ఇంక బ్రహ్మదేవుడొచ్చినా ఆ బేరం తిరగదు. చెంగల్రాయుడు ఎట్లాటోడంటే, బండి కొంటే దానికి తడి మట్టి, ఎర్ర దుమ్ము, మోయలేనంత ఇటికలు, ఇంతే. రెండో ఎండాకాలం చూసిన బండి లేదు ఆయప్ప కాడ.

శనారం నాడు గంగులప్ప మండీలో కాయలు దించేసి, ఇదే ఈ బండితో ఆఖరు ట్రిప్పు అనుకుంటా కనుమ దిగతావుండాడు. సగం దిగినాడో లేదో, మలుపు కాడ ముసుగు బండి! నిలబడిపోయి వుండాది. మూతి ఎగువకి, ముందర నించి బుసబుసా ఆవిరి. టోపీలోళ్లిద్దరూ ఫోన్లు ఆకాశంలోకి ఎత్తి పట్టుకోని అటూ ఇటూ తిరగతావుండారు. ఆడ సిగ్నల్ యాడిదీ, కోతులకి కూడా అందదు. మన కనుమలో వొగ కట్టుబాటు వుండాది. నిలబడిపోయిన బండిని దాటుకోని పోగూడదు. అది శత్రువుదైనా సరే, ముందు దిగి చక్రం కింద రాయి పెట్టాల, ఆ తర్వాతే ఏమైందని అడగాల. గంగులప్ప దిగినాడు, రాయి పెట్టినాడు, ఏమయినాది సామీ అన్నాడు. బెల్టు తెగిపోయిందంట. వాళ్ల సామాన్ల వ్యాను ముందే కనుమెక్కి పోయిందంట.

 ఎన్నాళ్లనించో గంగులప్ప కలల్లోకి వచ్చే ఇంజిను, చెయ్యి చాపితే అందేంత దూరంలో వుండాది! నా కాడ కొత్త బెల్టుండాది, కాగితం కూడా ఇప్పలేదు, కానీ మా బండి బెల్టు మీ ఏనుగుకి యాడ సరిపోతాది అన్నాడు. టోపీలోళ్లు వొగరి మొహం వొగరు చూసుకున్నారు. పెద్ద టోపీ ఆయన, ఇయ్యి అన్నా, కానీ మేము వేసుకునేదాకా నువ్వు అటు లోయ పక్క తిరిగి నిలబడాల, ఇటు చూడగూడదు, మా కొలువులు పోతాయి అన్నాడు. గంగులప్ప బెల్టిచ్చి, లోయ పక్కకి తిరిగినాడు. ఈపు మీద కండ్లుంటే ఎంత బాగుండును అనుకున్నాడంట. బానెట్టు లేచింది వినపడింది. స్పానర్లు టకటకమన్నాయి. ఇప్పుడంటారు సరిపోలేదని, ఇప్పుడంటారు అని చెవులు రిక్కించుకోని వుండాడు. అనలా! అంతలో ఇంజిన్ స్టార్టయింది. అయ్యేటప్పటికి గంగులప్ప, ఎవడ్రా నా బండి తీసింది అని కేకేసి గిర్రున తిరిగినాడు. చూస్తే ఆయప్ప బండి నిలబడిన తావే నిలబడి వుండాది, మాటా పలుకూ లేకుండా. స్టార్టయింది ముసుగు బండి!

అదే శబ్దం. అదే పొద్దున్నే గొంతు సవరించుకునే దగ్గు, అదే గొణుగుడు. రోజూ ఇంటి ముందర వినే శబ్దం కాదూ, ఎట్లా మర్చిపోతాడు? బానెట్టు ఇంకా తెరిచే వుండాది. సాలమ్మ కొన్న బెల్టు దాంట్లో గిరగిరా తిరగతావుండాది, అచ్చం దానికే కొలిచి తెచ్చినట్టు. సామీ, ఇది మా ఇంట్లో దాని ఇంజిన్ కదా అన్నాడు గంగులప్ప. పెద్ద టోపీ ఆయన ఆకాశం చూసినాడు. చిన్న టోపీ ఆయన ఆగలేక కిసుక్కున నవ్వి, మొహం కొత్తది అన్నా, సీట్లు కొత్తవి, ముందర చిన్న టీవీ కూడా పెట్టినాము అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ గంగులప్ప చెయ్యి పట్టుకోని, ఆయప్ప బండి కాడికి తీసకపోయి దాని స్టీరింగ్ మీద పెట్టించి, నరమానవుడికి చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. స్టీరింగ్ మీద వేసిన ఒట్టు తప్పితే కనుమలో బ్రేకు పట్టదు, అది డ్రైవర్లందురికీ ఎరికే.

ఇంక ఆయప్ప తన బండెక్కినాడు. అదే కీచుకీచుమనే పాత బెల్టు. కొత్తదాన్ని పరాయి బండికి ఇచ్చేసినా, అలిగి తెగిపోకుండా, ఇంటి దాకా పాపం మోసకొచ్చింది. మలుపు మలుపుకీ గంగులప్పకి సిగ్గేసింది. నిన్నేనా బట్టీకి తోలాలనుకునింది అని కండ్లల్లో నీళ్లు తిరిగినాయంట. అమ్మగూడదు. సరే, కానీ రేపు చెంగల్రాయుడికి ఏం చెప్పాల? మాటిచ్చినాడు. ఏంటికి అమ్మవు అంటే ఒట్టు అడ్డం. ఆ రాత్రి కన్ను మూస్తే ఒట్టు.

తెల్లారింది. చెంగల్రాయుడు ఆకు వక్క ఎత్తుకోని దిగినాడు. తాళం తే మే అన్నాడు గంగులప్ప, ఏడుపు మొహంతో. సాలమ్మ గూట్లో చూసింది, లేదు. చొక్కా జోబీలో చూసింది, లేదు. మంచం కింద, దేవుడి పటం ఎనకాల, కోళ్ల గంప కింద, యాడా లేదు. నిన్న చూస్తినే, ఏమయినాదో ఏమో అంటాది. గంగులప్పకి ప్రాణం లేచొచ్చింది. ఆయప్ప కూడా ఎతకడం మొదలుపెట్టినాడు, ఎట్లా ఎతికినాడంటే, ఎతికిన తావే ఎతికినాడు. చెంగల్రాయుడు చూసి చూసి, తాళం తర్వాత ఇద్దురులే, తాంబూలం మార్చుకుందాం అన్నాడు. అయ్యో తాళం పెట్టకుండా తాంబూలమా, మా పెద్దోళ్లు ఒప్పరు అని మొగుడూ పెండ్లాం ఇద్దరూ వొగేసారి అన్నారు. అని, వొగరినొగరు చూసుకున్నారు. చెంగల్రాయుడు మొహం మాడ్చుకోని లేచిపోయినాడు. ఆయప్ప సందు తిరిగినాడో లేదో, సాలమ్మ రాగిపిండి కుండలో చెయ్యి పెట్టి తాళం బయటికి తీసింది. తిట్టు ఇంక అని నిలబడింది. గంగులప్ప తిట్టలా. పిండి తాళాన్ని పంచెతో తుడిచి, నీ చేతులు చల్లగుండ అన్నాడు. ఆ యమ్మకి అర్థం కాలా.

కానీ చెంగల్రాయుడు నేరుగా పోయింది యాడికి? మస్తాన్ ఇంటికి! కరెంటు బండి వస్తాది కదాని మస్తాన్ సరే అన్నాడు. గంగులప్ప పరిగెత్తి, మస్తానూ తొందరపడొద్దురా అన్నాడు. ఏంటికి అన్నాడు మస్తాన్. ఊరికే అన్నాడు గంగులప్ప. ఊరికే అంటే ఎవురు వింటారు? నీ బేరం పోయిందని కుళ్లు నీకు అన్నాడు మస్తాన్. చెప్పలేక గంగులప్ప కడుపు ఉబ్బిపోయింది. ఇంటికొచ్చి, బండి కడగతా, దాని బానెట్టు నిమరతా, అంతా దానికే చెప్పుకున్నాడు. ఒట్టు మనుషులకే కదా, బండికి చెప్పగూడదని లేదు. అటు పక్క నీళ్ల బిందెతో సాలమ్మ వుండాదని ఆయప్పకి తెలీదు. ఆ యమ్మ ఏ ఒట్టూ వెయ్యలేదే! బిందె ఆడే ఇడిసి మస్తాన్ ఇంటికి పరిగెత్తి, విన్నదంతా చెప్పేసింది. మస్తాన్ వచ్చి, సంగటి తింటావుండే గంగులప్పని నిలేసి, నిజమా అన్నా అన్నాడు. గంగులప్ప సంగటి ముద్ద నోట్లో కుక్కుకోని ఆకాశం చూసినాడు. చూసినావా వదినా, నువ్వు కల గన్నట్టుండావు అని పోయి మస్తాన్ తాళం పళ్లెంలో పెట్టేసినాడు.

కొన్నాళ్లకి ముసుగు తీసి ఆ బండి అంగట్లోకి వచ్చింది. డీజిలే! అయితే ఏం, ఇది వేరే జాతి డీజిలు అని మస్తాన్ కొనేసినాడు. బానెట్టు తెరిస్తే ఇంజిన్ మీద నల్ల మూత వొకటి, నునుపుగా, అందంగా. ఎవురూ దాన్ని ఎత్తి చూళ్లేదు. ఇంక మస్తాన్ ఆ టీవీలో పాటలు పెట్టుకోని, మీసం తిప్పుకుంటా మొదటి ట్రిప్పు కనుమెక్కినాడు. అదే మలుపు కాడికి పోయేటప్పటికి రోడ్డు మీద కంకర ఎగిరి తగిలిందో ఏమో, బెల్టు తెగింది. ఎనకాలే గంగులప్ప. దిగినాడు, రాయి పెట్టినాడు, ఏమయినాది అన్నాడు. బెల్టన్నా, దీని బెల్టు ఈ పక్క దొరకదే, టౌనుకి పోవాల్నే అని మస్తాన్ తల పట్టుకున్నాడు.  గంగులప్ప, తను మళ్లీ కొనిపెట్టుకున్న కొత్త బెల్టు సీటు కింద నించి తీసి చేతిలో పెట్టి, పోయి లోయ పక్కకి తిరిగి నిలబడినాడు.

మస్తాన్ బెల్టు వేసినాడు. సరిపోయింది. వేసిన చెయ్యి వేసినట్టే పెట్టుకోని గంగులప్ప ఈపు పక్క చూసినాడంట. అన్నా, నువ్వేంటికి అటు తిరిగినావు? అలవాటయిపోయింది లేరా అన్నాడు గంగులప్ప. అప్పుడు అర్థమయింది మస్తాన్‌కి, వదిన చెప్పిందీ, సంగటి ముద్దా, ఆకాశం చూసిందీ, అన్నీ! ఇద్దరూ ఆ మలుపులో కూలబడి, కండ్లెంబడి నీళ్లొచ్చేదాకా నవ్వినారు. ఎనకాల బండ్లోళ్లు హారన్లు కొట్టినా లేవలేదంట.

ఇదీ సంగతి. ఇప్పుడు టీ అంగడి కాడికి పోయి చూడండి, ఇంకో ముసుగు బండి తిరగతా వుండాదంట, అది నీళ్లు పోస్తే నడస్తాదంట, మస్తానే చెప్తావుండాడు. గంగులప్ప వింటాడు, ఊ కొడతాడు, లేచిపోయి తన బండికి ఆయిలు మార్చుకుంటాడు. సీటు కింద మాత్రం ఎప్పుడూ రెండు బెల్టులుంటాయి, వొకటి తనకి, వొకటి రాబోయే కొత్త బండికి. సరే లేవండి ఇంక. ఏదీ, చేట ఇట్లా తిప్పండి చూస్తాము… అమ్మ నా బిడ్డల్లారా, అన్నీ పొట్టే కదే!