చెంగయ్య ఎత్తని గాలం

చెరువు తూము కాడి చింతచెట్టు ఎరుగుదురు గదా మీరంతా? ఎరగకేం! బర్రెల్ని తోలుకొచ్చేటప్పుడు దాని కిందుగా చక్కగా నడిచి రావాల్సింది పోయి, చేలకడ్డంబడి పల్లేరుకాయలు తొక్కుకుంటా వస్తా ఉండారు. ఎందుకురా అట్టా అంటే ఒక్కడూ నోరిప్పడు. కరెంటు పోయింది కాబట్టి ఈ ముసల్దాని కాడికి చేరారు గానీ, లేకపోతే నా మొహం చూసేదెవరు? ఆ వక్కాకు తిత్తి ఇట్టా పడెయ్యి. ఒరేయ్ మూలనుండేవాడా, దెయ్యం కథ కావాలని అడిగిందీ నువ్వే, దుప్పటి కప్పుకునేదీ నువ్వేనా? గమ్మున కూచోని విను. ఇది భయపడే కథ కాదు. నాకైతే ఎప్పుడు చెప్పినా ఏడుపే వస్తుంది.

మా మేనత్త కొడుకు పెంచలయ్య ఉండేవాడు, సైకిళ్ళు బాగుచేసేవాడు. వాడికి ఇద్దరు స్నేహితులు. ఒకడు చెంగయ్య, తాపీ మేస్త్రీ. ఇంకొకడు మాలకొండయ్య, బట్టలు కుట్టేవాడు, తన నీడను చూసి తానే ఉలిక్కిపడే రకం. ఆదివారం వచ్చిందంటే చాలు, ముగ్గురూ వెదురు గాలాలు భుజాన వేసుకోని, కొబ్బరిచిప్పలో ఎరకు ఎర్రలు పెట్టుకోని, ఆ చింతచెట్టు కిందికి చేరేవాళ్ళు. పడేదేముందిరా, నాలుగు జెల్లలు, గుప్పెడు పక్కెలు! చేపల కోసమైతే సంతకు పోరా? ఆ నీడన కూచోని, లోకంలో ఉండేవాళ్ళందర్నీ తిట్టుకోని, నవ్వుకోని, పొద్దుగూకినాక ఇంటికి రావడం, అదీ వాళ్ళకు కావాల్సింది.

వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. దించిన చెయ్యే ఎత్తాల. ఒకడి గాలం ఇంకొకడు తాకగూడదు. దారానికి కట్టిన బెండు మునిగినా సరే, పక్కనుండేవాడు కేకెయ్యాల్సిందే గానీ చెయ్యి పెట్టగూడదు. పెడితే గాలమోడికి ఆ ఏడంతా చేప పడదని వాళ్ళ నమ్మకం. ఒకసారి చెంగయ్య చెంబట్టుకోని చెట్ల చాటుకు పోయినప్పుడు వాడి గాలానికి చేప పడింది, మిగతా ఇద్దరూ గట్టున గెంతులేసి కేకలు పెట్టినారే గానీ ముట్టుకోలేదు, చెంగయ్య పరిగెత్తుకొచ్చేలోపల చేప దారం తెంపుకోని పోయింది. నవ్వుతున్నారా? నవ్వండి. ముందుంది మీకు.

చెంగయ్య పెళ్ళాం బుజ్జమ్మ. ఆమెకు ఈ చేపల సంబడం అంటే ఒళ్ళుమంట. మంట ఉండదా మరి? ఊళ్ళో అందరి గోడలూ పూస్తాడు, సొంత వంటింటి గోడ మాత్రం బీటలిచ్చి తేళ్ళకు కాపురమైపోయింది. పైగా ఆ తాపీతోనే పెరడంతా తవ్వి ఎర్రలు తీస్తాడు. పూస్తా పూస్తా అని సంవత్సరం గడిపినాడు. ఆ ఆదివారం కూడా గాలం భుజానికెత్తుకుంటే ఆమె గడపలో నిలబడి, పో, ఆ చేపల కాడే కాపురం పెట్టు, ఇంటికి మాత్రం రాబాక అనింది. ఈయన నవ్వుకుంటా, కొర్రమీను తెచ్చి నీ నోరు మూయిస్తా చూడు అని చెప్పి పోయినాడు.

ఇంక రాలేదు.

ఏం జరిగింది? ఏమీ జరగలేదు, అదే విచిత్రం. గాలం దించినాడు, కర్ర గట్టులో గుచ్చినాడు, గుండెల్లో ఏందో పట్టేసిందిరా అన్నాడు, పెంచలయ్య భుజం మీదికి ఒరిగినాడు. ఆడిస్తా ఉండాడనుకోని పెంచలయ్య రెండు మాటలు తిట్టినాడంట కూడా. తరవాత తెలిసింది. తూము కాడ నీళ్ళు కట్టేవాళ్ళను పిలిచి, మంచం తెప్పించి, దాని మీద మోసుకోని వచ్చినారు. మర్నాడెప్పుడో స్నేహితులిద్దరూ పోయి ఎవరి గాలం వాళ్ళు ఎత్తుకున్నారు. చెంగయ్య గాలం కాడికొచ్చేసరికి ఇద్దరికీ చెయ్యి ఆడలేదు. దించిన చెయ్యే ఎత్తాల గదా. అట్టా వదిలేసి వచ్చినారు. ప్రేమకొద్దీ చేసిన పొరపాటు అది, ఇంకోళ్ళెవరూ చెయ్యరు.

ఇంక దినం నాడు చూడాల. చెరువుగట్టున పిండాకూడు పెట్టినారు. పోయినోడికి ఏదైనా కోరిక మిగిలుంటే కాకి ముట్టదంటారు, తెలుసు గదా? కాకులేమో తుమ్మచెట్టు నిండా ఉండాయి. ఒక్కటంటే ఒక్కటి దిగలేదు. నీ తాపీ ఎవరికీ ఇవ్వంలేరా అన్నారు, దిగలేదు. నీ బర్రెను అమ్మంలేరా అన్నారు, దిగలేదు. నీ వంటింటి గోడ మేమే పూస్తాం అని పెంచలయ్య ఒట్టేసినాడు, ఒక కాకి మెడ తిప్పి చూసింది గానీ కదల్లేదు. చివరికి ఆ కూడు ఆవుకు పెట్టి తలలు వంచుకోని వచ్చినారు.

అప్పుడు చెంగయ్య తల్లి నోరు చేసుకుంది. మొగుణ్ణి ఇంటికి రాబాక అని పంపిందిరా ఈ మహాతల్లి, ఆ ఉసురే ఇది, నా బిడ్డ ఆ గట్టు మీదే తిరగతా ఉండాడు అని. ఆ మాట నిజమన్నట్టు గొర్రెలోళ్ళు కూడా వచ్చి చెప్పినారు, సందెపొద్దున చింతచెట్టు కింద ఎవరో పడిందా, పడిందా అని అడగతా ఉండారని. అది చెంగయ్య మాటేరా! గాలం దించింది మొదలు క్షణానికొకసారి పడిందా అని అడగడం, మిగతా ఇద్దరూ నోర్మూసుకోరా చేప బెదురుతుంది అని కసరడం, అది వాళ్ళకు మామూలు.

బుజ్జమ్మ అన్నం మానేసింది. ఎవరేం చెప్పినా, నా నోరే ఆయన్ను ఆడ కట్టేసింది అనేది. పెంచలయ్య మాటిచ్చినట్టే పోయి గోడ పూసినాడు, సైకిళ్ళోడి పూత ఎట్టా ఉంటుందో అట్టానే ఉండింది, గుంటలూ మిట్టలూ. ఆమె ఆ గోడ కాడే కూచోని తెల్లారిందాకా ఏడ్చేది. ఇట్టా అయితే ఇంకో పాడె కట్టాల్సొస్తుందని పెంచలయ్యకు బెంగ పట్టుకుంది. చెంగయ్యగాడి కోపమేందో వాణ్ణే అడిగి తేల్చుకుంటా, లేకుంటే ఈ పిల్ల దక్కదు అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మాలకొండయ్యను చొక్కా పట్టుకోని ఈడ్చుకుపోయినాడు. ఇద్దరూ గాలాలు దించి కూచున్నారు, నడుమ చెంగయ్య చోటు వదిలిపెట్టి. పొద్దు కొండ చాటుకు దిగింది. కొంగలు పోయినాయి. చెంగయ్య బెండు ఒకసారి కదిలింది. పక్కనే, భుజం కాడ, అలవాటైన గొంతు, పడిందా అనింది.

మాలకొండయ్య చెప్పులు ఈడ, తుండు ఆడ, గాలం నీళ్ళలో వదిలేసి ఒకటే పరుగు! వాడు ఊళ్ళోకొచ్చి పడిందాకా కాళ్ళు నేలకు తగిల్నాయో లేదో దేవుడికే తెలుసు. పెంచలయ్య మాత్రం ఏమన్నాడో తెలుసా? ఆలోచించకుండా, అలవాటు కొద్దీ, నోర్మూసుకోరా చేప బెదురుతుంది అన్నాడు. అన్నాక గానీ తెలిసిరాలేదు, ఎవరితో అన్నాడో. పక్కకు తిరిగితే చెంగయ్య. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకోని, ఎప్పుడూ కూచున్నట్టే. సన్నగా, పొగలాగా.

పెంచలయ్యకు భయం వేసిందట గానీ, దానికంటే ముందు ఏడుపొచ్చిందట. ఏందిరా, ఇంటికాడ ఆ పిల్ల అన్నం మానేసింది, నీకు దాని మీద ఇంత పగా అని అడిగినాడు. దానికి చెంగయ్య బిత్తరపోయి, పగేందిరా, ప్రతి ఆదివారం అది ఆ మాటే గదా అంటుంది, ఆ మాట అనకపోతే నాకు చేపే పడదు, అన్నాడు. మరి ఎందుకు పోవడం లేదురా అంటే, ఎట్టా పోయేది, గాలం నీళ్ళలో ఉండాది గదా, ఎత్తుదామంటే చేతులకు పట్టు దొరకడం లేదు, కొర్రమీను తెస్తానని చెప్పి వచ్చినా, ఉత్త చేతుల్తో ఏ మొహం పెట్టుకోని పోను, అన్నాడు. నేనెత్తనా అంటే, చచ్చినా ఒప్పుకోలేదు. చచ్చే ఉండాడనుకోండి! దించిన చెయ్యే ఎత్తాల గదరా, మనమే అనుకున్నాం గదా, అని వాడి మొండితనం వాడిది.

ఆఖరికి పెంచలయ్య లేచి, రారా, నువ్వూ పట్టుకో, నీ చేతుల మీద నేనూ పట్టుకుంటా, నువ్వెత్తినట్టే లెక్క, అన్నాడు. ఇద్దరూ కర్ర పట్టుకున్నారు. పెంచలయ్య అరచేతులకు నీళ్ళకుండ తాకినంత చల్లగా తగిలింది. ఊ అనుకోని లేపినారు. అన్ని రోజులుగా నీళ్ళలో నానిన గాలానికి ఎర ఎక్కడుంటుందిరా? కానీ పడింది. చెయ్యంత పొడుగు కొర్రమీను, గట్టున పడి తపతపా కొట్టుకుంటా ఉండాది. పడిందిరా చెంగా, పడింది, అని పెంచలయ్య పక్కకు తిరిగితే ఎవరూ లేరు.

చేపను తుండులో చుట్టుకోని బుజ్జమ్మ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పినాడు. నా మీద కోపం లేదన్నాడా అని ఆమె మళ్ళీ మళ్ళీ అడిగింది. లేదన్నాడమ్మా, నువ్వు తిట్టకపోతే చేపే పడదన్నాడు అని పెంచలయ్య చెప్తే, ఏడుస్తానే కసిరింది, ఈయన ఎప్పుడూ ఇంతే, ఇంట్లో చింతపండు లేనప్పుడే తెస్తాడు, అని. పక్కింటి నుంచి చింతపండు తెచ్చుకోని పులుసు పెట్టింది.

తెల్లారి ఆ గుంటల గోడ కాడ అన్నమూ చేపముక్కా పెట్టినారు. పెట్టి చెయ్యి తీయకముందే కాకి వాలింది. అన్నం జోలికి పోలేదు, చేపముక్క ముక్కున కరుచుకుంది. చెంగయ్య తల్లయితే నోటికి కొంగడ్డం పెట్టుకుంది. బుజ్జమ్మ కాకిని చూసి, మొగుడు బతికుండగా ఒక్క ఆదివారమన్నా అనని మాట అనింది. జాగ్రత్తగా పోయిరా, అని.

కాకి ఎగిరిపోయింది. ఆయన మళ్ళీ రాలేదు. ఆమె ఆ పొద్దు అన్నం తినింది.

ఏందిరా, మరి చెంగయ్య పోయినాక కూడా ఆ చెట్టుకు భయమెందుకంటావా? మాలకొండయ్యను మరిచిపోయినావా? వాడు వదిలేసొచ్చిన గాలం కోసం మళ్ళీ ఆ దిక్కుకు పోతేనా! కావలి టౌనుకు, తమ్ముడి కాడికి పోయి, ఆడే కాలం చేసినాడు. వాడి గాలం మాత్రం ఈడే ఉండాది. ఇప్పుడు సందెపొద్దున వాడొచ్చి దాని కాడ కూచుంటాడు. ఎవరికీ ఏం చెయ్యడు పాపం. బతికున్నప్పుడు దెయ్యమంటే భయం, ఇప్పుడు మనిషంటే భయం. మీరు పోయినారనుకో, మిమ్మల్ని చూసి వాడు కేకేస్తాడు, వాణ్ణి చూసి మీరు కేకేస్తారు. ఎందుకురా ఇద్దరికీ ఆ కష్టం?

పొద్దుగూకినాక ఆ చెట్టు కిందికి పోబాకండి. కాదూ కూడదని పోతే, మీ గాలం మీరు ఎత్తుకోని రండి. లేవండిక, కరెంటొచ్చింది.