గోడవతల గ్యాసుల పాఠం

రొయ్యపిల్లల హ్యాచరీ వెనక వీధిలో రెండిళ్లకు మధ్య నడుమెత్తు గోడ. సాయంత్రం. వంటింట్లో రేవతి, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కూతురు అనూష.

“కంచం పెట్టినాక లేస్తావేందే? కూర్చో.”

“గోడవతల పిన్నమ్మ దగ్గర తింటాలేమా. చేపల పులుసు చేసుండాదంట.”

“నేను చేసింది పులుసు కాదా? నీకిష్టమని మామిడికాయేసి చేసినా.”

“రేపు తింటాలే. ఏడింటికల్లా రమ్మనింది. సోమవారం టెస్టు, వాయు నియమాలు ఇంకా సగం ఉండాయి.”

“రోజూ ఇదే. పిన్నమ్మ రమ్మనింది, పిన్నమ్మ చెప్పింది. జడ గూడా ఆమె మాదిరే ఏసుకుంటా ఉండావు.”

“జడకీ చదువుకీ ఏంది సంబంధం?”

“పొద్దున నేనేసిన జడ ఇప్పేసి ఆమె చేత ఏయించుకున్నావే, అదీ సంబంధం.”

“అబ్బా! ఆమె బియస్సీ చదివింది కాబట్టి పోతుండా. నువ్వు చెప్తావా చెప్పు, ఇక్కడే కూర్చుంటా.”

“అడుగు.”

“ఏంది?”

“అడగమంటుండా. పుస్తకంలో ఉండేదే అడుగు.”

“జోకులెయ్యబాకమ్మా... సరే. బాయిల్ నియమం చెప్పు.”

“వేడి మారకుండా ఉంటే, ఒత్తిడి పెరిగేకొద్దీ గ్యాసు ఘనపరిమాణం తగ్గుతాది. ఒత్తిడి రెండింతలైతే అది సగమౌతాది.”

“నాయనా! నాయనా, ఇట్టా రా. అమ్మ బాయిల్ నియమం చెప్తా ఉండాది!”

“ఏంది గోల? హ్యాచరీ నుంచి వచ్చి ఇంకా కాళ్లన్నా కడుక్కోలేదు. బాయిలెవరు?”

“నీకు తెలిసినాయన ఇంకొకడుండాడులే. మొన్న రొయ్యపిల్లల సంచుల్లోకి ఆక్సిజన్ మూతిదాకా బిగించి కట్టి, గూడూరు చేరేలోపల ఎండకి గ్యాసుబ్బి పగలగొట్టుకున్నావే, అది చార్లెస్ నియమం.”

“ఓనరు తిట్టింది చాల్లేదని ఇంట్లో గూడానా రేవతీ?”

“నువ్వుండు నాయనా. అమ్మా, ఇదంతా నీకెట్టా తెలుసు?”

“బట్టలు తీసేటప్పుడు వినపడతాది గదా.”

“నాలుగు బట్టలు తీసేదానికి గంటసేపా? అందుకేనా రోజూ ఆ గోడకాడ నిలబడేది?”

“నిలబడితే? మనింటి గోడే గదా.”

“సరే, లెక్క చెప్పు. గ్యాసు ఇరవై ఏడు డిగ్రీల సెల్సియస్‌లో ఉండాది. ఒత్తిడి మార్చకుండా యాభై నాలుగుకి వేడి చేస్తే ఘనపరిమాణం ఎంతౌతాది?”

“రెండింతలు.”

“తప్పు!”

“ఎందుకు తప్పు? ఇరవై ఏడుకి రెండింతలే గదా యాభై నాలుగు.”

“ముందు కెల్విన్‌లోకి మార్చాల. రెండొందల డెబ్బై మూడు కలిపితే, పెరిగేది రవ్వంతే. ఆ పాఠం రోజు నువ్వు గోడకాడికి రాలేదేమో!”

“ఆ రోజు మీ నాయనకి జ్వరం.”

“నవ్వబాకు అనూషా, మీ అమ్మ మొహం చూడు. ఏమ్మే రేవతీ, బిడ్డని పోనీరాదా? నా తమ్ముడి పెళ్లాం మీద నీకెందుకంత కుళ్లు? సుప్రియకి పిల్లల్లేరు, దీన్ని చూసి మురిసిపోతా ఉండాది.”

“సుప్రియ మీద కాదు.”

“మరెవరి మీద?”

“వద్దులే. కాళ్లు కడుక్కోపో.”

“చెప్పమ్మా. ఎవరి మీద?”

“నీ మీద.”

“నా మీదనా? నేనేం చేసినా?”

“ఏం చెయ్యలా. నీ వయసులో నేనూ ఈ పాఠంలోనే ఉండా. ఈ లెక్క కాడికి రాకముందే పెళ్లిచూపులని మా నాయన కాలేజీ మాన్పించినాడు. నువ్వేమో పుస్తకం మంచం మీదికి విసిరేసి ‘బోరు’ అంటావు. అప్పుడు నాకు కడుపులో మండతాది. కన్నబిడ్డ మీద ఇట్టా ఉండొచ్చా అని మళ్లీ నాకే సిగ్గు.”

“అమ్మా... నాకెప్పుడూ చెప్పలేదే.”

“కాలేజీ మానినావని నాకు తెలుసుగానీ, ఇంత ఉండాదని తెలీదు రేవతీ. అయినా అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడేం చేస్తాం?”

“ఏడవబాకు అనూషా, తిను. ఏమయ్యా, నువ్వు గూడా విను. రేపట్నుంచి ఆరున్నరకే అన్నాలు పెట్టేస్తా. ఏడు దాటినాక కాఫీ అనీ, తువ్వాలు అనీ నన్నెవరూ పిలవబాకండి. సుప్రియతో పొద్దునే మాట్లాడినా, నాకూ పాఠం చెప్తానంది. ఈసారి ఓపెన్ స్కూల్లో ఇంటర్ పరీక్షలు నేను గూడా రాస్తుండా.”