బెత్తెడు చాలని వడ్డాణం

మంగతాయారని మా లంక ఊళ్ళో ఒకావిడ, రైసుమిల్లు అబ్బులుగారి భార్య. ముందు ఆవిడ పొట్ట వీధిలోకొచ్చేది, ఆ తరవాత ఆవిడ వచ్చేది. నవ్వకండే, మనమేవన్నా మల్లెతీగల్లా ఉన్నామా? తోటికోడలు నూకరత్నమూ తక్కువేం తినలేదు. వీళ్ళిద్దరి అత్తగారు అచ్చియ్యమ్మకి ఓ బంగారు వడ్డాణం ఉందంట. ఇద్దరు కోడళ్ళకీ దాని మీదే కన్ను. పెట్టి చూస్తే ఏవైందంటే, ఇద్దరికీ బెత్తెడు చాల్లేదు. రెండు బిళ్ళలు అతికిద్దామత్తా అంటే ముసలావిడ కస్సుమందంట. మా అత్త నాకిచ్చినట్టే నేనూ ఇస్తాను, దాన్ని కోయడానికీ అతకడానికీ వీల్లేదు, మీరే ఒళ్ళొంచి పని చేసి తగ్గండే, షష్ఠి తీర్థం నాడు ఎవరికి కొక్కెం పడితే వడ్డాణం వాళ్ళదే అందంట!

ఒళ్ళొంచడమంటే మంగతాయారుకి మా చెడ్డ చిరాకు. వడ్డాణాన్ని కోయకూడదు గానీ పొట్టని కోయకూడదని అత్త అన్లేదుగా అనుకుందంట. అబ్బులుగార్ని వెంటబెట్టుకుని, కాశీ పోతున్నామని ఊరంతా చెప్పి, పట్నంలో పెద్దాసుపత్రికి పోయింది. అక్కడ గోడ మీద సన్నటి పిల్ల బొమ్మ ఉందంట. అదిగో, నన్నలా చేసెయ్యండి డాక్టరుగారూ, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవాలి అందంట. కూరగాయల బేరం అనుకుంది మరి! ఆయన తల పట్టుకుని, అమ్మా, ఇది ఒళ్ళు తగ్గడానిక్కాదు, సాగిపోయిన తోలూ దాని కింద కొవ్వూ తీసేసి, లోపల కండ బిగించి కుట్టడం. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా గాటు పడుతుంది, అది పోదు. బొడ్డుకి కొత్తగా చోటు చేసి కుడతాను. నీరు పోడానికి పక్కలకి గొట్టాలుంటాయి. కొన్నాళ్ళు నడుం వంచే నడవాలి, పట్టీ బిగించుకోవాలి, బిందె కూడా ఎత్తకూడదు, వాపు తగ్గడానికి నెలలు పడుతుంది. మళ్ళీ ఇష్టమొచ్చినట్టు తిన్నావో, మళ్ళీ వస్తుంది అన్నాడంట. ఈవిడ వింటేగా! బొమ్మ వంకే చూస్తా, సరే సరే కానీండి అందంట.

కాశీ పోయినోళ్ళు కాయో పండో వదిలొస్తారు. ఈవిడ పొట్ట వదిలొచ్చింది. ఎలా దిగిందనుకున్నారు కారు! ఒంగిపోయి, పొట్ట పట్టుకుని, అబ్బా అబ్బా అనుకుంటా. దగ్గితే ఏడుపు, తుమ్మితే ఏడుపు, నవ్వితే ఇంకా ఏడుపు. పలకరించడానికొచ్చిన పక్కింటి దాలమ్మ ఒక్క చూపు చూసింది. దాలమ్మ తెలుసుగా, అడక్కపోయినా అన్నీ చెప్పేస్తుంది. చీర కింద పట్టీ చూసింది, పొట్ట తగ్గిపోయుండడం చూసింది, అందర్నీ వసారాలోకి లాక్కొచ్చి, అడక్కండే, పాపం కడుపు పోయింది. అంత పొట్టలో ఏముందో మనకేం తెలిసింది! పచ్చి ఒళ్ళది, జాగర్తగా చూసుకోవాలి అందంట. అచ్చియ్యమ్మ గొల్లుమంది. మంచం మీదున్న మంగతాయారుకి ఇదంతా వినపడుతోంది. కాదు, కోయించుకున్నాననొచ్చు. అంటే అత్త ఊరుకుంటుందా? దొంగ నడుముకి నా వడ్డాణం పెట్టనంటుంది. అందుకని కొంగు నోట్లో కుక్కుకుని, కడుపు పోయినదానిలాగే ఏడ్చిందంట. నొప్పికి ఏడుపు ఎలాగూ వస్తోందిగా.

ఇహ చూస్కోండి వైభోగం. వెల్లుల్లి కారం, ముద్దకి గరిటెడు నెయ్యి, బాలింతలకి పెట్టే కాయం ఉండ, మేకకాళ్ళ పులుసు. వద్దత్తా అంటే పచ్చి ఒళ్ళే, తినకపోతే ఎలాగే అని అచ్చియ్యమ్మే కలిపి నోట్లో పెట్టేదంట. డాక్టరు మాట గుర్తొచ్చేది గానీ, మేకకాళ్ళ పులుసు కూడా బానే ఉండేది మరి. నూకరత్నం ఉంది చూశారూ, పిచ్చిముండ, నాకు దాన్ని తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోద్ది. అక్కా, నువ్వు మంచం దిగకు, నేనున్నాగా అని రెండిళ్ళ నీళ్ళూ అదే మోసింది, రెండిళ్ళ గేదెల్నీ అదే చూసింది, రెండిళ్ళ వాకిళ్ళూ అదే ఊడ్చింది. కూర్చుని అన్నం తినడానికి దానికి తీరికేదీ?

షష్ఠి వచ్చింది. పెద్దకోడలు కదా, మంగతాయారుకే ముందు పెట్టారు. ఊపిరి బిగబట్టింది, కళ్ళు మూసుకుంది, అబ్బులుగారు వెనకనుంచి లాగాడు. ఊహూఁ, బెత్తెడు చాల్లేదు! అదే బెత్తెడు! అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుని, దాన్నేం అనకండి, పచ్చి ఒళ్ళు అంది. నూకరత్నం నాకెందుకత్తా, గేదెలకి కుడితి పెట్టాలి అంటా పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి వడ్డాణం పెట్టారు. టక్కుమని కొక్కెం పడింది. మంగతాయారు ఈసారి నిజంగానే భోరుమంది. నూకరత్నం వచ్చి కావిలించుకుని, ఏడవకక్కా, దేవుడు మళ్ళీ ఇస్తాళ్ళే అందంట. ఏమిస్తాడు, పొట్టా? అప్పటికే ఇచ్చేశాడుగా!

ఇదంతా నాకెలా తెలుసంటారా? అబ్బులుగారి నోట్లో నువ్వుగింజ నానదు. మొన్న మంగతాయారు మళ్ళీ కాశీ పోతానంటోందంట. దాలమ్మ అప్పుడే కారానికి వెల్లుల్లిపాయలు ఒలవడానికి కూచుంది.