కుక్కర్ మీద దుర్గాంబ పేరు

ఏంట్రా విష్ణూ, ఆ చేతిలోది? మార్కరా? ఎందుకు, నీ కుక్కర్ మీద పేరు రాసుకుంటావా? బేర్ సరాయ్‌లో నీ గది తాళం పగలగొట్టి లాప్‌టాప్ పట్టుకుపోయేరు, ఇప్పుడు మిగిలినవాటి మీద పేర్లు రాస్తే మళ్లీ రారని ఎవడు చెప్పేడు నీకు? నెట్‌లోనా? నెట్‌లో చెప్పినోణ్ణి ఓసారి నా దగ్గరికి తీసుకురా, వాడి మొహం చూడాలి. కూర్చో. టీ తాగు. నీకు వెంకటసుబ్బయ్య తెలీదు కదూ, మన పై ఫ్లాటు, పోయి ఆరేళ్లయిపోయింది. సెక్షనాఫీసరుగా రిటైరయ్యేడు. మహా పెంకి మనిషి. బస్సులో టికెట్ కూడా పారెయ్యడు, పుస్తకంలో పెట్టుకుంటాడు. నాకూ ఆయనకీ రోజూ గొడవే, లిఫ్టు దగ్గర మొదలెడితే పాలబూత్ దాకా.

రెండువేల రెండులో అనుకుంటా, అప్పటికి మన మయూర్ విహార్‌కి మెట్రో లేదు ఏమీ లేదు. వాళ్లింట్లో దొంగలు పడ్డారు, పట్టపగలే. టీవీ, మిక్సీ, ఇస్త్రీపెట్టె, దుర్గాంబ గారి వెండి కుంకుమభరిణె, అన్నీ పోయేయి. దుర్గాంబ గారంటే ఆయన భార్య. పోలీసు వచ్చి రాసుకున్నాడు. పోతూ పోతూ, "అంకుల్‌జీ, చోర్ దోబారా ఆతా హై, దొంగ మళ్లీ వస్తాడు. మీరు కొత్తవి కొంటారని వాడికి తెలుసు. సామాను మీద గుర్తు వేసుకోండి" అన్నాడు. అంతే! సుబ్బయ్యకి పూనకం వచ్చేసింది. తణుకులో బావమరిదికి స్టీలు సామాన్ల కొట్టుంది, గిన్నెల మీద పేర్లు చెక్కుతారు చూడు, ఆ మిషను రైల్లో తెప్పించేడు. మన ఆడవాళ్లకి చెంచా మీద కూడా పేరుండాలి కదా, ఆ అలవాటే. ఇంక ర్‌ర్‌ర్ మని ఒకటే మోత, వారం రోజులు. కొత్త మిక్సీ, కొత్త టీవీ వెనకాల, ఫ్యాను రెక్కల మీద, కుక్కర్ మూత మీద. కొత్త ఫ్రిజ్ తలుపు మీద చెక్కితే దుర్గాంబ గారు, "నా నుదుటి మీద కూడా చెక్కండి, నన్నెత్తుకుపోతాడేమో!" అని రెండ్రోజులు మాట్లాడలేదు.

చెక్కేడు సరే, ఎందులో చెక్కేడు? తెలుగులోరా! ఢిల్లీలో! భార్య పేరు తెలుగులో, ఫ్లాటు నంబరు కూడా తెలుగు అంకెల్లో, నువ్వే చదవలేవు అవి. నేనన్నాను, "ఏవండీ, ఇంగ్లీషులో గీకొచ్చుగా" అని. "పెద్దిరాజు గారూ, ఇంగ్లీషైతే దొంగెధవ రెండు గీతలు కలిపి ఇంకో పేరు చేస్తాడండీ. మన అక్షరం వాడి తాత కూడా దిద్దలేడు" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. బుద్ధిలేక మా ఇంట్లోవీ చెక్కించుకున్నాను, అదిగో ఆ మంచినీళ్ల జగ్గు అడుగున చూడు, ఇప్పటికీ ఉంది.

రెండు నెలలు తిరక్కుండా మళ్లీ పడ్డారు! ఆదివారం ఆర్.కె. పురంలో ఎవరిదో పెళ్లి భోజనానికెళ్లి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. పేర్లున్నాయని వదిలేడా? ఒక్కటీ వదల్లేదు. అసలు వాడు చూస్తేగా! కుక్కర్‌తో సహా పట్టుకుపోయేడు, అన్నం వండుకునే కుక్కర్, ఛీ. ఇప్పుడు వినరా, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కావేరని పనమ్మాయి ఉండేది, అరవ పిల్ల, త్రిలోక్‌పురి వైపు ఝుగ్గీలో, అదే గుడిసెలో, ఉండేది. మన సొసైటీలో ఏడిళ్లు చేసేది. కమిటీ వాళ్లంతా కూర్చుని తేల్చేసేరు. "రెండుసార్లు ఒకే ఇల్లంటే లోపలి మనిషే భాయ్‌సాబ్! పెళ్లికెళ్తున్నారని ఇంకెవరికి తెలుసు?" సుబ్బయ్య ఒక్కడే అడ్డం పడ్డాడు, "నా ఇంట్లో పోతే నాకు లేని అనుమానం మీకెందుకయ్యా!" అని అరిచేడు. ఎవడు విన్నాడు? కాయితం రాసి ఠాణాకిచ్చేరు. రోజూ పొద్దున్నే పిలిచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టేవారు ఆ పిల్లని. చెంపలు కూడా వాచేయి ఓ రోజు. ఏడిళ్లూ మానిపించేసేరు. వారం తిరిగేసరికి ఝుగ్గీ కూడా ఖాళీ చేసి పోయింది, ఎక్కడికో ఎవడికీ తెలీదు.

ఎనిమిది నెలల తర్వాత సుబ్బయ్య పాస్‌పోర్టు ఎంక్వైరీకని అదే ఠాణాకెళ్లేడు. వెనకాల వరండాలో పోలీసులు రాజ్మా వండుకుంటున్నారట. కుక్కర్ కూత వేసింది. చూస్తే మూత మీద దుర్గాంబ పేరు! గుండ్రంగా, తన చేత్తో చెక్కింది! "ఇది నాది" అంటే హెడ్ కానిస్టేబుల్ నవ్వేడు, "యే తో డిజైన్ హై అంకుల్‌జీ, ఫూల్ పత్తీ." పువ్వులూ ఆకులూనట! మన అక్షరాలు! రిజిస్టరు తీయిస్తే అందులోనూ అదే, 'పూల డిజైను కుక్కర్ ఒకటి, పూల డిజైను మిక్సీ ఒకటి, యజమాని తెలియదు.' ఎవడో పాతసామాన్ల కబాడీవాడి దగ్గర దొంగతో సహా పట్టుకున్నారు. తారీఖు చూస్తే దొంగతనమైన నాలుగో రోజు! నాలుగో రోజురా! దొంగ లోపల, సామాను లోపల, ఆ పిల్ల బయట బెంచీ మీద దెబ్బలు తింటోంది!

సుబ్బయ్య ఆ రిజిస్టరు కాయితం కాపీ తీయించి, ప్రతి ఆదివారం ఝుగ్గీలన్నీ తిరిగేడు. "కావేరి ఉందామ్మా, కావేరి?" అని. ఎండలేదు వానలేదు. కాయితం చూపించి తప్పయిపోయిందని చెప్పాలని. దొరకలేదు. ఆ తిరుగుడులోనే పోయేడు మరుసటేడు. మిషను మళ్లీ ముట్టుకోలేదు.

ఏంటీ? ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని ఆ కుక్కర్ చూళ్లేదా అంటావా? చూసింది. చూడకేం, రోజూ తోమిన చెయ్యి అది. ఆ అక్షరాల్లో మసి ఇరుక్కుంటే పిన్నీసుతో గీకి తీసేది. చదువు రాకపోయినా ఠాణా మొత్తంలో ఆ పేరు గుర్తుపట్టింది అదొక్కతే. పోలీసుకి చెబితే వాడు విన్లేదు. సుబ్బయ్యగారూ దుర్గాంబగారూ అప్పటికి ఊళ్లో లేరు, కమిటీలో గొడవైన మర్నాడే బ్యాంకు పనికి హైదరాబాదెళ్లేరు. అందుకని కమిటీలో తెలుగాయన ఉన్నాడు కదా అని ఆయన తలుపు కొట్టింది. "సార్, అమ్మ కుక్కర్ అక్కడే ఉంది సార్, ఒక్కసారి వచ్చి చూడండి సార్" అని. ఆయనేమన్నాడంటే... "సామాను ఎక్కడుందో తెలిసిందంటే నువ్వే తీసినట్టు లెక్క. పో!" అన్నాడు.

ఏ తెలుగాయనా? కమిటీలో ఎంతమంది తెలుగువాళ్లున్నారనుకున్నావురా. ఇదిగో, ఈ తలుపే.

...

ఆ మార్కరిటియ్యి. ఇంగ్లీషులో రాసిస్తాను. టీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టమంటావా?