నాలుగో డ్రెస్సు

హలో… ఆ, నేనే వదినా, గోడ వాళ్ళమ్మని… లాండ్రీ నుంచి కాదు, ఇంటి నుంచే. ఇవాళ షాపు తెరవలేదు.

పిట్ట ఎలా ఉంది?…

కట్టు మార్చారా… ఎగరొచ్చన్నారా! హమ్మయ్య… ఆ?… ఎగరొచ్చు గానీ కాళ్ళ మీద దిగకూడదా… ఎన్నాళ్ళట?… డాక్టర్‌కీ తెలీదా…

లేదు, వింటున్నా. చెప్పండి.

మావాడా?… బడికెళ్ళాడు. పూటపూటా తింటున్నాడు లెండి. ఏదో కెలుకుతున్నాడు… అయ్యో, వాడి సంగతి అడక్కండి వదినా. మీ అమ్మాయి మంచం మీద ఉంటే, మీరు నా కొడుకు అన్నం తిన్నాడా అని అడుగుతుంటే నాకు… లేదు, జలుబు కాదు.

తిట్టట్లేదండీ. "చిన్నపిల్లాడు, భయపడ్డాడు, వదిలేయండి" అని మీరే అంటుంటే ఇక నేనేం తిడతాను? తిట్టడానికి నాకు నోరేదీ?

వదినా, మీరు కాసేపు కూర్చోండి… కూర్చునే ఉన్నారా? అయితే నేనే కూర్చుంటా.

నాలుగింటికి మీటింగ్ కదా… ఆ, అదే, లైబ్రరీ మేడ మీద. వాణ్ణి టీములోంచి తీసేస్తారట… తెలుసు, మీరు వద్దన్నారని తెలుసు. టీములో మిగతా ఇద్దరూ, మెరుపూ పొగా, ఒప్పుకోలేదటగా… న్యాయమే. ఆపదొచ్చి సైరన్ మోగిందంటే ఊరు ఊరంతా ఆ నలుగురు పిల్లల్నే నమ్ముకుంటుంది. వంతెన మీద బస్సు వేలాడుతుంటే రానివాడు ఇంకెప్పుడొస్తాడు అంటున్నారు. బడి ప్రహరీ మీద ఎర్ర రంగుతో రాశారు కూడా, ‘పారిపోయిన గోడ’ అని… చూడకుండా ఎలా ఉంటాను, షాపుకి వెళ్ళే దారి అదేగా.

వాడు పారిపోలేదు వదినా.

…జ్వరమూ లేదు, ఏమీ లేదు. నేనే ఆపాను.

హలో?… ఆ, ఉన్నారా.

మీకు తెలుసుగా, నలుగురి డ్రెస్సులూ ఉతికేది నేనే. రెండేళ్ళ నుంచీ ప్రతి బుధవారం. చన్నీళ్ళు, మెత్తటి సబ్బు, నీడలో ఆరెయ్యడం… వేడినీళ్ళు తగిలాయంటే ఆ బట్ట అట్టలా బిగుసుకుపోతుంది, ఇంక దెబ్బ ఆపదు. ఆ సంగతి ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

బస్సు సంగతికి ముందురోజు, బుధవారం, మూడు మామూలుగానే ఉతికాను. నాలుగోదాన్ని మరిగే నీళ్ళలో పడేశాను.

…పొరపాటు కాదు. చేతులారా.

మర్నాడు కెమిస్ట్రీ పరీక్ష. ఒక్కరోజు వాణ్ణి పరీక్ష రాసుకోనీ, ఊరు తన్ను తాను చూసుకోనీ అనుకున్నా… అది వంక వదినా. అంతకుముందు వారం గోదాము కూలినప్పుడు శ్లాబు వీపు మీద మోశాడు చూడండి, ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఒళ్ళంతా నల్లటి మచ్చలు. ఒక్కోటి నా ఇస్త్రీపెట్టె అంత. పదహారేళ్ళు వాడికి. ఇప్పటికీ కూడికలకి వేళ్ళు మడుస్తాడు.

…అవును. మీ అమ్మాయికీ పదహారే.

…ఆ, మిగతా మూడూ పంపాను… మీదీ పంపాను… నీడలో ఆరేసే పంపాను వదినా. మీ అమ్మాయిది మడత నలగకుండా కవర్లో పెట్టి మరీ…

అనండి. ఇంకా అనండి, పడతాను.

…ముగ్గురున్నారుగా, చూసుకుంటారులే అనుకున్నా. పిట్ట ఎగిరి పిల్లల్ని బస్సులోంచి తీస్తుంటే, కింద దూలాన్ని మొయ్యాల్సింది మావాడి భుజం. ఆ చోట ఎవరూ ఉండరని, ఆ దూలం పిట్ట కాలి మీద పడుతుందని నేను అనుకోలేదు… కాదు, అనుకోదల్చుకోలేదు.

వదినా?… పెట్టెయ్యకండి. తొమ్మిది రోజులు నోరు మూసుకుని ఎందుకున్నానో అదీ చెప్తాను… హలో?… హలో?

…ఎవరూ?

పిట్టా! నువ్వా తల్లీ… అమ్మ ఏదీ?… వంటింట్లోకి వెళ్ళిపోయిందా… ఏడుస్తోందా… నువ్వంతా విన్నావా? స్పీకర్‌లో ఉందా ఇందాకట్నుంచీ…

క్షమించమని అడగనమ్మా. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

ఏంటీ?… డ్రెస్సు లేకపోతే మామూలు చొక్కాతో రావచ్చుగా, అనా… వస్తానన్నాడమ్మా. డ్రెస్సులో చెయ్యి దూరలేదు. పక్కన పారేసి బడి చొక్కాతోనే బయల్దేరాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. రెండు చేతులూ చాచి, అడ్డంగా.

…లేదు. నెట్టలేదు.

లారీని ఆపే పిల్లాడు. నన్ను ఒక్క వేలితో పక్కన పెట్టొచ్చు. "అమ్మా తప్పుకో, అమ్మా తప్పుకో" అంటూ నా ఎదురుగా నిలబడ్డాడు, అంతే. నా మీద చెయ్యి కూడా వెయ్యలేదు, నాకెక్కడ దెబ్బ తగులుతుందోనని. సైరన్ ఆగేదాకా అలాగే ఉన్నాం ఇద్దరం. పరీక్ష కూడా పోయింది.

తర్వాత నన్ను ఒక్క మాట అంటే ఒట్టు. మీ అందరి దగ్గరికీ వచ్చి "భయమేసింది" అన్నాడు. ఆ భయం నాది తల్లీ. వాడు తనదని చెప్పుకు తిరుగుతున్నాడు.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదా?…

…చెప్తే వాణ్ణి తీసెయ్యరు కదా.

అదే. నువ్వు సరిగ్గానే విన్నావు. పిరికివాడని తీసేస్తే ఇంట్లో ఉంటాడు, ఒంటి మీద ఇంకో మచ్చ పడదు అనుకున్నాను. ప్రహరీ మీద రాతలు చూస్తూ కూడా పోనీలే అనుకున్నాను. నీ కాలు అలా అయిందని తెలిసీ. ఇంతకంటే సిగ్గుమాలిన తల్లి ఉంటుందా…

ఇవాళా? ఇవాళ ఏం జరిగిందంటే… పొద్దున బడికి బయల్దేరాడు. సంచీ తగిలించుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, వెళ్ళనా?" అన్నాడు. బడికమ్మా! ఎప్పుడైనా అడిగాడా? నేను తలూపేదాకా అడుగు బయట పెట్టలేదు. వాడటు వెళ్ళాక, ఇదిగో, షాపుకీ వెళ్ళలేకపోయాను.

వస్తాను. నాలుగింటికి నేనే వస్తాను… వద్దు, నువ్వు చెప్పకు. నా నోటితోనే చెప్పాలి… ఆ, అందరి ముందూ.

ఏమన్నావు?…

వాణ్ణి ఉంచుకుంటే మళ్ళీ పంపిస్తారా, అనా…

…అది అడక్కు తల్లీ.

…నువ్వు అడక్కపోయినా వాళ్ళు అడుగుతారా… అవునులే. వాడి ముందే అడుగుతారు.

సైరన్ మోగితే… ఉండమ్మా, చెప్తా…

పంపిస్తాను.

…వినపడలేదా? మళ్ళీ చెప్పాలా… పంపిస్తానమ్మా. విన్నావుగా. ఇంక పెట్టెయ్, వాడు బడి నుంచి వచ్చే వేళయింది. మొహం కడుక్కోవాలి.